రెండో కాల్

సాయంత్రం బస్సు వచ్చి క్వార్టర్ల ముందు ఖాళీ జాగాలో ఆగిన చప్పుడు వినగానే అచ్చియమ్మ పొయ్యి మీద ఏదుంటే అది దించేస్తుంది. పెరటి కుళాయి పక్కనుండే నల్లరాయిని పొట్టకి ఆనించి రెండు చేతులా ఎత్తుకుని, వీధి దాటి, బస్సు వెనక చక్రం కింద పెట్టి, మడమతో ఒక తన్ను తన్నుతుంది. అది కదలదని నమ్మకం కుదిరాకే కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇంట్లోకి వస్తుంది. పాత లోకో షెడ్డు గోడ కూల్చినప్పుడు తెచ్చుకున్న రాయి అది. హిందీ ఊళ్ళో తెలుగు రైల్వేవాళ్ళుండే ఆ కాలనీలో పిల్లలు ఆమెని రాయి పిన్ని అంటారు. చెవిన పడినా పట్టించుకోదు. బస్సు దొర్లితే దాని దారిలో ఆడుకుంటూ ఉండేది ఆ పిల్లలే కదా అని ఆవిడ బెంగ.

ఆ రోజు రాయి పెట్టి లేచేసరికి కొడుకు చిరంజీవి ఇంకా డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. ఇంజను ఆపలేదు. బ్రేకు తొక్కుతున్నాడు, వదులుతున్నాడు, గాలి ఎంతుందో చూపించే ముల్లు వంక చూస్తున్నాడు. గాలి వదిలే చప్పుడు ఒకసారి బుస్సుమని వస్తోంది. ఇంకోసారి, పడిశం పట్టిన మనిషి ముక్కులోంచి వచ్చినట్టు, సగంలో ఆగిపోతోంది.

"ఏటయ్యిందిరా?" అంది.

"ఏటీ నేదు" అన్నాడు.

ఏటీ లేదన్న మాట విన్నాక అచ్చియమ్మకి ఇంక అన్నం సహించదు. కంచం ముందు కూర్చున్నాక మెల్లిగా చెప్పాడు. ఎండలో తఖత్‌పూర్ దాకా వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు బ్రేకు ఆలస్యంగా పడుతోందిట. తొక్కాక ఓ గుక్క ఊపిరి తీసుకునేంత సేపు బండి తన మానాన తను పోతోందిట. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. కొత్త బండి, పూర్తిగా గాలి మీద ఆగే బండి. గాలి అందకపోతే పెడలు తొక్కినా నేల తొక్కినా ఒకటే.

తండ్రి బంగార్రాజు గూడ్సు గార్డు. చారు పోసుకుంటూ, పొద్దున్నే బస్సు యజమాని సేఠ్‌కి చెప్పీమన్నాడు. ఆయనకి అక్కడితో ఆ విషయం అయిపోయింది. అచ్చియమ్మకి అప్పుడే మొదలయ్యింది. తఖత్‌పూర్ రోడ్డు మీద ఉస్లాపూర్ దగ్గర రైల్వే గేటుంది. గేటు పడి ఉంటుంది, కట్నీ లైన్లో బొగ్గు బండి వస్తూ ఉంటుంది, వీడు తొక్కుతాడు, బస్సు ఆగదు. అక్కడి నుంచి ముందుకి ఆలోచించకుండా ఉండడం ఆమెకి చేతకాలేదు.

మర్నాడు చిరంజీవి సేఠ్ దగ్గరికి వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాడు. చెప్పులు గుమ్మంలో విసిరిన తీరులోనే సగం తెలిసిపోయింది. పెళ్ళిళ్ళ సీజను, పెళ్ళివారిని తీసుకెళ్ళే బరాతులకి బస్సు మాట్లాడి ఉంది, కొత్త బండికి రోగమేమిటన్నాడట సేఠు. మీ అమ్మ చక్రాలకి రాళ్ళు పెడుతుందట కదా, ఆ జబ్బు నీకూ అంటుకుందా అని గుమాస్తా మునీమ్ ముందు నవ్వాడట. చిరంజీవి బ్రేకు చూపించేదాకా బండి తియ్యనన్నాడు. అయితే ఇంట్లో కూర్చో అన్నాడు సేఠు. వీడు కోపంలో వచ్చేశాడు. బండి తాళం ఇంకా వీడి జేబులోనే ఉంది, బస్సు ఎదురుగా జాగాలోనే ఉంది, దాని చక్రం కింద రాయీ ఉంది.

అచ్చియమ్మ గుండెలో అప్పటిదాకా ఉన్న భయం లేచి పక్కకి జరిగింది, దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఉద్యోగం పోతే? వీడికి రైల్వేలో రాలేదు. మూడేళ్ళు టెంపో మీద క్లీనరుగా వేలాడి, లైసెన్సు తెచ్చుకుని, ఇప్పుడిప్పుడే సొంతంగా స్టీరింగు పట్టాడు. మధ్యాహ్నమంతా బియ్యంలో రాళ్ళు ఏరింది. ఏరిన బియ్యమే మళ్ళీ చేటలో పోసుకుని ఇంకోసారి ఏరింది. వెళ్ళి సేఠ్ కాళ్ళు పట్టుకోరాదా అని కొడుకుని నాలుగు విధాలుగా అడిగింది. నిన్న బ్రేకు లేదని ఏడ్చింది నువ్వే కదా అన్నాడు వాడు. నిన్న సంగతి నిన్నదే అంది.

తెల్లారుతూనే వాకిటి గేటు దగ్గర సైకిలు గంట మోగింది. కాల్‌మేన్ అప్పారావు. రైల్వేలో డ్రైవర్లకీ గార్డులకీ ఫలానా బండికి డ్యూటీ పడిందని ఇంటికొచ్చి చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుపోయేవాడు కాల్‌మేన్. ఆ పిలుపుని కాల్ అంటారు. బంగార్రాజు స్నానాల గదిలో ఉన్నాడు. నీళ్ళ చప్పుడు ఆగలేదు.

"బాబాయ్, దస్కత్తు పెట్టు. ఇంకో రెండిళ్ళు తిరగాల. రీకాల్ తెమ్మంటావేటి?" అని అరిచాడు అప్పారావు.

బంగార్రాజు తడి చేత్తో సంతకం పెట్టి, అచ్చియమ్మ ఇచ్చిన చపాతీల మూట పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రీకాల్ అంటే ఆ కాలనీలో అందరికీ హడలే. మొదటి కాల్‌కి కదలనివాడి కోసం రెండోసారి వస్తారు. దానికీ వెళ్ళలేదో, ఛార్జిషీటు. అచ్చియమ్మ ఫైర్‌మేన్ ఇంట్లో పుట్టి గార్డు ఇంటికి కోడలయ్యింది. ఇంటి మీదికి రీకాల్ రానివ్వకపోవడం ఆమె సంసారంలో సగం పని.

ఎండ గోడ దిగకముందే ఇంకో మనిషి వచ్చాడు. మోపెడ్ ఆపి, దిగకుండానే చిరంజీవి ఇల్లు ఇదేనా అని హిందీలో అడిగాడు. చొక్కాకి గ్రీజు మరకలు. పేరు సాహూ అన్నాడు. చిరంజీవి లేడు, మంగలి షాపుకి వెళ్ళాడంది.

"భాయీకి చెప్పమ్మా, గాడీకి రీకాల్ వచ్చింది. ఇవాళే తీసుకురమ్మను" అని, మోపెడ్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గాడీ అన్నాడు, రీకాల్ అన్నాడు, ఇవాళే అన్నాడు. అచ్చియమ్మకి ఇంకేం వినబడాలి? సేఠు మనసు మెత్తబడి మళ్ళీ పిలిపించాడు. రెండో కాల్. దీనికి వెళ్ళకపోతే మూడోది ఉండదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని కూడా చూడకుండా, తలుపు దగ్గరికి వేసి, మంగలి షాపు దాకా ఒక్క బిగిన నడిచింది. గడ్డం సగం గీయించుకుని సబ్బు నురగతో కూర్చున్న కొడుకుని అద్దంలోంచే కేకేసింది.

"ఒరే, రీకాల్ వచ్చిందిరా. సేఠు మనిషిని పంపినాడు. బేగి లెగు."

"మనిషినా? ఏటన్నాడు?"

"బండి తీసుకుని ఇవాళే రమ్మన్నాడు."

చిరంజీవి రెండో దవడ కూడా గీయించుకుని లేచాడు. దారిలో, మరి బ్రేకో అన్నాడు. నెమ్మదిగా పోనియ్యి, దూరం నుంచే తొక్కు, గేరులో ఉంచు అని ఆమె చెప్పింది. బస్సు నడపడం గురించి తనకి తెలిసినవన్నీ, తెలియనివి కూడా చెప్పింది. ఆ ఇంట్లో ఎవరు బయటికి వెళ్తున్నా వద్దనే మనిషి, వెళ్ళమని బతిమాలడం చిరంజీవికి వింతగా ఉన్నట్టుంది. పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టింది. ఉప్పు తిప్పి దిష్టి తీసింది. తనే వంగి చక్రం కింద రాయి తీసి పక్కన పెట్టింది. ఎండకి అప్పుడే కాలుతోంది రాయి.

బస్సు రోజూ వెళ్ళే తఖత్‌పూర్ ట్రిప్పుకని మలుపు తిరిగాక ఇంట్లోకి వచ్చి, మాడిన పాలగిన్నె ముందు పెట్టుకుని బూడిదతో తోముతూ కూర్చుంది. చాలా రోజుల తరవాత ఏ భయమూ లేకుండా చేసిన పని అదొక్కటే.

గిన్నె ఇంకా తెల్లబడకముందే సాహూ మళ్ళీ వచ్చాడు. ఈసారి మోపెడ్ దిగాడు. బస్సు ఉండే జాగా వంక చూశాడు, ఆమె వంక చూశాడు. బండి ఇంకా వర్క్‌షాపుకి రాలేదేమన్నాడు.

"డ్యూటీకి వెళ్ళాడుగా బాబూ. నువ్వే కదా రీకాలన్నావు" అంది ఆమె, తన హిందీలో.

సాహూ నుదురు కొట్టుకున్నాడు. అతను సేఠ్ మనిషి కాడు, తిఫ్రాలో ఆ బస్సులు తయారుచేసే కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్కు. మెల్లిగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ఆ ఏడు తయారైన బళ్ళలో బ్రేకుకి గాలి పంపే వాల్వు వేడెక్కితే బిగుసుకుపోతోందిట. ఎక్కడో రెండు చోట్ల బళ్ళు ఆగలేదుట. అందుకని కంపెనీయే ఆ బళ్ళన్నిటినీ వెనక్కి పిలిపించి, వాల్వు మార్చి ఇస్తోందిట. రీకాల్ అంటే అదీ. పిలిచింది బండిని, మనిషిని కాదు. సేఠ్‌కి పోయిన నెలలోనే కబురు చేశారు. సీజను అయ్యాక చూద్దామన్నాడు. డ్రైవరుకి చెబితేనన్నా తెస్తాడని సాహూ ఇవాళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

అచ్చియమ్మ చేతి బూడిద కడుక్కోలేదు. తలుపుకి గొళ్ళెం పెట్టి, ఉస్లాపూర్ వైపు వెళ్ళే టెంపో ఎక్కింది. టెంపో జనం నిండేదాకా కదలలేదు. ఆ కాసేపట్లో ఆమె డ్రైవరుని రెండుసార్లు తిట్టింది, ఒకసారి దండం పెట్టింది.

గేటు దగ్గర దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యింది. గేటుమేన్ తన గుమటీ గది ముందు కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విని, నేనేం చెయ్యను మాయీ, బండి వచ్చే వేళకి గేటు వేస్తాను, అది నా డ్యూటీ అన్నాడు. ఆమె రోడ్డు వారన నిలబడింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. తఖత్‌పూర్ వైపు నుంచి వచ్చే ప్రతి బస్సూ ముందు చిరంజీవిదే అయ్యేది, దగ్గరికొచ్చాక ఇంకొకరిది అయ్యేది. అవి గేటు దాటుతుంటే, ఒక్కో తల్లి కొడుకు దాటుతున్నట్టే ఊపిరి బిగబట్టి చూసింది.

పొద్దు కాస్త వాలాక గుమటీలో గంట మోగింది. గేటుమేన్ బీడీ పారేసి చక్రం తిప్పాడు. గేటు కర్ర వాలింది. ఎడ్లబండి, రెండు స్కూటర్లు, కూరగాయల టెంపో వచ్చి ఆగాయి. దూరంగా బొగ్గు బండి కూత. సరిగ్గా ఆమె రెండు రాత్రులుగా కళ్ళు మూసుకుని చూసిందంతా కళ్ళు తెరిచి చూస్తుండగా, రోడ్డు వంపు దగ్గర బస్సు కనిపించింది.

పట్టపగలు దాని దీపాలు వెలుగుతున్నాయి. హారను ఆగకుండా మోగుతోంది. ఇంజను గేరులో ఏడుస్తోంది. ఎడ్లబండివాడు వెనక్కి తిరిగి చూసి ఎడ్లని మట్టిలోకి దింపేశాడు.  గేటుకింకా చాలా ముందుగానే బస్సు రోడ్డు దిగింది. రిపేరు కోసం పోసి ఉంచిన ఎర్రమొరం గుట్ట మీదికి ముందు చక్రాలు ఎక్కాయి, మొరం జారింది, బస్సు ఒక పక్కకి ఒరిగి, ఒక్క ఊపు ఊగి, నిలిచిపోయింది.

బొగ్గు బండి వచ్చింది. పెట్టె తరవాత పెట్టె, తరగనంత సేపు పోయింది. చివరి బ్రేకువాన్‌లోంచి ఎవరో గార్డు పచ్చ జెండా చాపి, అంతా బాగుందని చూపిస్తూ వెళ్ళిపోయాడు.

బస్సులోంచి జనం దిగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తల మీద మూట సర్దుకుంటూ ఒక ముసలామె డ్రైవరుకి కళ్ళు లేవా అంది. ఇంకెవరో తాగాడేమో అన్నారు. చిరంజీవి అందరికంటే చివర దిగాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. తల్లిని చూసి అటు నడిచాడు.

ఆమె కొడుకుని తాకలేదు. చుట్టూ వెతికి, మొరంలోంచి పెద్ద బెడ్డ ఒకటి తీసి వెనక చక్రం కింద పెట్టింది. అది పొడిపొడి అయిపోయింది. ఇంకోటి తెచ్చింది.

"తఖత్‌పూర్‌లో ఎస్టీడీ బూతు నుంచి సేఠ్‌కి ఫోను చేసేను. బ్రేకు ఇంకా దిగిపోయింది, బండి అక్కడే ఒగ్గేస్తానన్నాను" అన్నాడు చిరంజీవి. "ఆడేమో, నేనెవర్నీ పంపలేదు, నీ అంతట నువ్వే తీసేవు, ఏటన్నా అయితే నీదే పూచీ, జనాన్ని ఎక్కించుకుని రా అన్నాడు."

అప్పుడు ఆమె సాహూ అన్నదంతా చెప్పింది. రీకాల్ అంటే ఏమిటో, ఎవరిని పిలిచారో చెప్పింది. చిరంజీవి ఫుట్‌బోర్డు మీద కూర్చుని, చేతుల మీది మొరం దుమ్ము దులుపుకుంటూ విన్నాడు. కాసేపటికి నవ్వాడు. 

"ఇన్నేళ్ళూ నీ మాట ఇన్లేదని తిట్టేవు. ఒక్కసారి ఇన్నానమ్మా."

అచ్చియమ్మ ఇంకో బెడ్డ కోసం వంగింది. 

ఇంజను చల్లారాక, చీకటి పడుతుండగా, ఖాళీ బస్సుని మొదటి గేరులో కాలనీకి తీసుకొచ్చాడు. నడిచి వచ్చేవాళ్ళు దాన్ని దాటిపోయారు. ఆమె వాడి వెనక సీట్లో, ఒళ్ళో ఒక మొరం బెడ్డ పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు చిరంజీవి సైకిలేసుకుని తిఫ్రా వెళ్ళాడు. బండిని నడపకుండా లాక్కుపోయే ఏర్పాటు సాహూ చేస్తానన్నాడు. బంగార్రాజు ఇంకా డ్యూటీ మీద లైన్లోనే ఉన్నాడు. అచ్చియమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ సగంలో ఆగిపోయింది. సుద్దముక్క చేతిలోనే ఉంది. వీధి దాటి బస్సు దగ్గరికెళ్ళి, సుద్దని నోటితో తడి చేసి, తలుపు మీద తన చేతనైనంత పెద్ద అక్షరాలతో రాసింది. తరవాత వంటింట్లోంచి చిక్కుడుకాయల బుట్ట తెచ్చుకుని, ఆ తలుపు ముందే ఫుట్‌బోర్డు మీద కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

అనుకున్నట్టే సేఠ్ మునీమ్ వచ్చాడు. వెంట సూర్యం ఉన్నాడు. కాలనీ కుర్రాడే, చిరంజీవి కంటే చిన్నవాడు, లారీ మీద తిరుగుతుంటాడు. వాడు ఆమెని చూసి తల దించుకున్నాడు. మునీమ్ మాత్రం హడావుడిగా ఉన్నాడు. మస్తూరీకి బరాతు ఎక్కించాలిట, ఇంకో తాళం తెచ్చాడట, లేవమన్నాడు. ఆమె కాయ తుంచుతూనే ఉంది. అతనికి తలుపు మీది రాత కనిపించింది.

"యే జలేబీ క్యా హై?" అన్నాడు. తెలుగు అక్షరాల్ని ఆ ఊళ్ళో జిలేబీలని వెక్కిరిస్తారు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆడమనిషి, తెల్ల సుద్ద, గుండ్రటి గీతలు. చేతబడేమోనని అతని అనుమానం.

సూర్యం దగ్గరికొచ్చి చూశాడు. వాడు చదివింది హిందీ బడి. "ఏటి రాసేవు పిన్నీ? నాకు తెలుగు రాదు."

అచ్చియమ్మ తలెత్తింది. 

"సిక్కు అని రాసేన్రా. బండి సిక్కు. బ్రేకు నేదు."

ఆ మాట మునీమ్‌కి అర్థం కాలేదు. సూర్యానికి అయింది. వాడి తండ్రి శంకరరావు యార్డులో వేగన్లు చూసే ఎగ్జామినరు. లోపం ఉన్న వేగన్ మీద సుద్దతో సిక్కు, అంటే జబ్బు చేసిందని రాసి, పక్క లైన్లో పెట్టేస్తారు. అలా రాసినవాడే మళ్ళీ పరీక్షించి, బాగుందని ఫిట్ ఇచ్చేదాకా డ్రైవరు గాని, స్టేషను మాస్టరు గాని, ఎంతవాడు చెప్పినా గాని దాన్ని కదిలించరు. అలా కదిలించినవాడి కథ ఆ కాలనీలో ప్రతి పిల్లాడూ పాలతో పాటు తాగినదే.

సూర్యం మునీమ్ చేతిలోని తాళం వంక చూసి, తన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. సిక్కు రాసిన బండి ముట్టుకుంటే మా అయ్య కాళ్ళు విరగ్గొడతాడని హిందీలో చెప్పాడు. ఇదేమన్నా రైలా, ఇదెవరు, రైల్వే ఆఫీసరా అని మునీమ్ మండిపడ్డాడు. సూర్యం అటూ ఇటూ కాళ్ళు మార్చి నిలబడ్డాడే గాని జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. కుళాయి దగ్గరి ఆడవాళ్ళు బిందెలు దించి ఇటే చూస్తున్నారు. డ్యూటీ దిగి వస్తున్న ఇద్దరు డ్రైవర్లు సైకిళ్ళు ఆపి, రాత చదివి, ఏటి వదినా, బ్రేకా అని అడిగి, అక్కడే నిలబడిపోయారు. మునీమ్ ఇంకో డ్రైవరుని తెస్తానని రిక్షా ఎక్కాడు.

అతను తిరిగొచ్చేలోపు సాహూ లారీ వచ్చింది. బస్సుకి ఇనప కడ్డీ తగిలించి లాక్కుపోతుంటే అచ్చియమ్మ బుట్ట చంకన పెట్టుకుని పక్కకి తప్పుకుంది. చిక్కుడుకాయలన్నీ అయిపోయాయి. ఆఖర్న ఆమె ఈనెలు బుట్టలో ఉంచి కాయలు నేల మీద పారేసింది.

సేఠు చిరంజీవిని మళ్ళీ రమ్మనలేదు. చెప్పకుండా బండి తీశాడని, మొరం గుట్టకి గుద్దాడని, ఊళ్ళో మిగతా బస్సులవాళ్ళకీ చెప్పి ఉంచాడు. వాడు పొద్దున్నే తల దువ్వుకుని బయల్దేరుతున్నాడు, ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి తిరిగొస్తున్నాడు. ఆమె ఇప్పుడు దాని గురించి భయపడుతోంది.

వారం తిరిగేసరికి ఒక పొద్దున ఇంటి ముందు బస్సు ఆగింది. చప్పుడు వినగానే అలవాటు కొద్దీ పొయ్యి మీది గిన్నె దించేసింది. బయటికి వచ్చి చూస్తే స్టీరింగు దగ్గర సూర్యం. ఇంజను ఆపకుండా దిగాడు. చెప్పడానికి సిగ్గుపడుతూ, సేఠ్ ఇప్పుడు తననే పెట్టుకున్నాడన్నాడు. వాల్వు మార్చారుట, సాహూ తన ముందే మార్చాడుట. బస్సు కడిగి ఉంది, తలుపు మీద తప్ప. అక్కడ మాత్రం దుమ్ము పట్టి, సుద్ద అక్షరాలు అలాగే ఉన్నాయి.

"దీన్ని నేనే ముట్టనియ్యలేదు పిన్నీ. రాసినోళ్ళే కదా ఫిట్ ఇయ్యాలి."

అరుగు మీద చిరంజీవి చెప్పుల ఉంగటాలు కుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు. సూది మాత్రం ఆగింది.

"ఎక్కి తొక్కరా" అంది అచ్చియమ్మ.

సూర్యం ఎక్కి తొక్కాడు. బుస్సుమంది. మళ్ళీ తొక్కమంది. చెవి చక్రం దగ్గరికి వంచి వింది. అలాగే నాలుగుసార్లు తొక్కించాక, ఇంజను వేడెక్కనీ అంది. కూర్చుంది. కాలనీలోకి ఎండ పూర్తిగా వచ్చేదాకా సూర్యం కూడా కూర్చున్నాడు. మళ్ళీ తొక్కమంది. చప్పుడు మారలేదు. అరుగు మీది నుంచి చిరంజీవి, "ఆడుతోందమ్మా, ఒగ్గీ" అన్నాడు.

ఆమె కొంగు కొస కుళాయి కింద తడిపి, తలుపు మీది అక్షరాలు ఒక్కొక్కటే తుడిచింది. తరవాత పెరట్లోకి వెళ్ళి, నల్లరాయిని పొట్టకి ఆనించుకుని తెచ్చి ఫుట్‌బోర్డు మీద పెట్టింది. సాయంత్రం ఎక్కడ నిలిపితే అక్కడ చక్రం కింద పెట్టమంది.

"మరి నీకో?" అన్నాడు సూర్యం.

"నా ఇంటి ముందు బండేటుందిరా" అంది.

బస్సు కదిలింది. వీధి చివర మలుపు దగ్గర బ్రేకు వదిలిన చప్పుడు వినబడేదాకా అచ్చియమ్మ వాకిట్లోనే నిలబడి, విన్నాక లోపలికి వెళ్ళి ఆరిన పొయ్యి వెలిగించింది.